కాళ్ళు పట్టుకున్న రిఫరీ

కబడ్డీలో రిఫరీ తిట్లు తినడం మీరు చూసే ఉంటారు. తన్నులు తప్పించుకుని గోడ దూకిన రిఫరీల గురించి విని కూడా ఉంటారు. కానీ నిండు మైదానంలో, రెండు ఊళ్ళ జనం చూస్తుండగా, ఆటగాడి కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని భక్తిగా కళ్ళకద్దుకున్న రిఫరీని మాత్రం చూసి ఉండరు. ఆ భాగ్యం అరకు దగ్గర ఒక కొండవాలు జనానికే దక్కింది. ఆ రిఫరీని నేనే. నా పరువు ఆ రోజు ఎంత లోతుకు దిగిపోయిందో వివరంగా చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి.

అప్పుడే డ్రిల్లు మాస్టారి ఉద్యోగం వచ్చి, విజయనగరం పక్క పల్లె నుంచి అరకు దగ్గరి ఆశ్రమ పాఠశాలకు వచ్చాను. రిఫరీ పరీక్ష కూడా పాసయ్యాను. నియమాలన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మెలకువగా ఉన్నప్పుడు కూడా ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ కొండల్లో ఏ ఊళ్ళో కబడ్డీ పెట్టినా సన్నిబాబు మాస్టారే రిఫరీ. ఆయన మా బడిలోనే డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. అక్కడ గెలిచిన ఊరికి బహుమతి మేకపోతు. కప్పు పోతే బీరువాలో ఒక అర ఖాళీ, అంతే. మేకపోతు పోతే ఊరంతా ఆ రాత్రి పప్పుతో సరిపెట్టుకోవాలి. అందుకని ప్రతి పాయింటుకీ కొట్టుకునేంత పని అవుతుంది. అయినా సన్నిబాబు మాస్టారు విజిల్ పట్టిన ఆటలో గొడవ జరగడం ఎవరూ ఎరగరు.

పాడేరులో జరిగే జిల్లా పోటీలకు రిఫరీగా నా పేరు పంపమని ఆయన్ని అడిగాను. అందుకోసం ఎంత తహతహలాడానంటే, వేసుకోబోయే తెల్ల టీషర్టు ముందే కొని ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను.

"పేరు పంపడానికేటుంది బాబూ. ముందు నా ఆటలు నాలుగు సూడు. గీత కాడ నా ఎనకాలే నిలబడు. దూరం నుంచి సూస్తే నీకేటీ తెలీదు" అన్నారాయన.

వెళ్ళాను. నిలబడదామనే వెళ్ళాను. కానీ నన్ను చూడగానే నిర్వాహకులు "సారొచ్చారు" అంటూ పందిట్లోకి లాక్కుపోయారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఊరి పాస్టరుగారి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఒక చేతికి టీ, ఇంకో చేతికి ఉడకబెట్టిన రాజ్మా పళ్ళెం అందించారు. బయట చూస్తే ఎర్రదుమ్ము, నెత్తిన ఎండ. మీరే చెప్పండి, మీరైతే లేచేవారా? నేనూ లేవలేదు. ఆ తరవాత ఆటలన్నీ కుర్చీలోంచే, రాజ్మా నములుతూ, అతి నిశితంగా పరిశీలించాను.

ఆయన ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడేవారు. అబ్బ, ఏం ఠీవి అనుకున్నాను. అది నడుం నొప్పి అని తరవాత తెలిసింది. విజిల్ ఊదే ముందు గడ్డం పైకెత్తేవారు. అది అధికార దర్పం అనుకున్నాను. కళ్ళజోడు కింది అద్దంలోంచి చూడ్డానికి ఆ తిప్పలని అదీ తరవాతే తెలిసింది. ఇంట్లో అద్దం ముందు ఈ రెండూ సాధన చేశాను. మెడ పట్టేసిందేమోనని మా ఆవిడ ఆవనూనె వేడి చేసి తెచ్చింది.

అసలు రహస్యం మాత్రం వేరే ఉందని కనిపెట్టాను. మైదానం హద్దు చూపే ఎల్లగీత దగ్గర గొడవ వచ్చినప్పుడల్లా మాస్టారు ఆ ఆటగాడి దగ్గరకు నడిచి వెళ్ళేవారు. గొంతుకూచుని అతని కాలు పట్టుకునేవారు. కాసేపలా ఉండి లేచి, చేతిని కళ్ళకద్దుకుని, ఔట్ అనేవారు. అంతవరకూ ఎగిరెగిరి పడుతున్న కుర్రాడు కూడా తల దించుకుని నోరెత్తకుండా బయటకు వెళ్ళిపోయేవాడు.

వినయం! మాస్టారి మంత్రం వినయమని తేలిపోయింది. పెద్దాయన అంతటివాడు కాళ్ళు పట్టుకుంటే ఇక ఎవడు ఎదురు తిరుగుతాడు? ఈ సిద్ధాంతాన్ని స్టాఫ్ రూములో అందరికీ వివరించాను. లెక్కల మాస్టారు చప్పట్లు కూడా కొట్టాడు. మాస్టారినే ఒక్కమాట అడిగితే సరిపోయేది కదా అని మీరనొచ్చు. అంత తెలివి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పైవూరికీ దిగువూరికీ ఫైనల్ వచ్చింది. నల్ల మేకపోతును పందిరి రాటకు కట్టేశారు. అది తీరిగ్గా ఫ్లెక్సీ బ్యానరు నములుతోంది. సన్నిబాబు మాస్టారు తన విజిల్ తీసి నా చేతిలో పెట్టారు. ఇవాళ ఆట నీదే, నేను స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాను, నోరెత్తను, గొడవ లేకుండా గట్టెక్కించావంటే సాయంత్రమే పాడేరుకు ఫోన్ చేసి నీ పేరు చెబుతాను అన్నారు.

ఆట హోరాహోరీగా సాగింది. చివరి కూతకొచ్చేసరికి స్కోరు సమం. పైవూరి తరఫున దాసు అనే కుర్రాడు కూతకు బయల్దేరాడు. జారకుండా అరికాళ్ళు ఎర్రమట్టిలో గట్టిగా రుద్దుకుని మరీ వెళ్ళాడు. మూల నిలబడ్డ దిగువూరి కెప్టెన్ కొండబాబును తాకి, అతను పట్టుకోబోతే ఒళ్ళు విదిలించుకుని, ఎల్లగీత వారగా ఒరుసుకుంటూ పరుగున వచ్చేశాడు. కాలు గీత మీద పడింది, ఔట్ అన్నాడు కొండబాబు. పడలేదు, పాయింటు మాదే అన్నాడు దాసు. అందరూ నా వైపు చూశారు.

నేనా? సరిగ్గా ఆ క్షణంలో నేను గడ్డం పైకెత్తి ఉన్నాను. నాకు కొండ శిఖరం చక్కగా కనబడింది. దాసు కాలు మాత్రం కనబడలేదు.

రెండు ఊళ్ళవాళ్ళూ గీతల దాకా వచ్చేశారు. ఒకరిద్దరు లుంగీలు ఎగ్గట్టారు. నేను ఏమాత్రం కంగారు పడలేదు. మంత్రం నా దగ్గరుంది కదా. పొడుగ్గా విజిల్ ఊది, చెయ్యెత్తి అందర్నీ ఆపి, నడుం మీద చెయ్యి పెట్టుకుని దాసు దగ్గరకు నడిచాను. గొంతుకూచున్నాను. ఒక కాలేం సరిపోతుందని రెండు కాళ్ళూ పట్టుకున్నాను. మడమల నుంచి వేళ్ళ దాకా, కిందా పైనా, భక్తితో నిమిరాను. వాడికి చక్కిలిగింత పుట్టి కాళ్ళు ఎత్తుతుంటే, ఎత్తిన కాలి కింద కూడా నిమిరాను. తరవాత రెండు చేతులూ కళ్ళకద్దుకుని, సరిపోలేదనిపించి నుదుటికి కూడా రాసుకున్నాను.

"ఏటి సారూ, ఏటి సేత్తన్నారు? లెగండి సారూ" అన్నాడు దాసు కాళ్ళు విడిపించుకోబోతూ.

మైదానం మొత్తం నిశ్శబ్దం. ఆహా, మంత్రం పనిచేసిందనుకున్నాను.

ముందు పాస్టరుగారు తేరుకున్నారు. గద్గద స్వరంతో మైకు అందుకుని, శిష్యుల కాళ్ళు కడిగిన ప్రభువు గుర్తొచ్చాడనీ, ఇలాంటి వినయం ఈ కాలంలో ఎక్కడ చూస్తామనీ మొదలుపెట్టారు. ఆ మాట పూర్తి కాకముందే పైవూరి ముసలమ్మ ఒకావిడ లేచి, రిఫరీయే తప్పయిందని కాళ్ళు పట్టుకున్నాడు కాబట్టి దాసు ఔట్ కానట్టే అని తీర్పు చెప్పేసింది. పైవూరివాళ్ళు పరిగెత్తి మేకపోతు పలుపు విప్పేశారు. దిగువూరివాళ్ళు వెనకకాళ్ళు అందుకున్నారు. నోట్లో బ్యానరు ముక్కతో అది అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

కొండబాబు తాపీగా వచ్చి నా ముందు కాలు చాపాడు. "మావి కూడా అట్టుకోండి సారూ. లెక్క సరిపోద్ది" అన్నాడు.

ఈలోగా దాసు తల్లి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు పట్టుకుంటే ఆయుష్షు తరిగిపోతుందని ఎరగని తల్లి ఎవరు? "సదువుకున్నోడివి, నా గుంటడి ఆయుసు తీసేత్తావా?" అని కొంగు బిగించింది. దాసు ఏడుపు మొహంతో, నాకింకా పెళ్ళి కూడా అవలేదు సారూ అంటూ, పోయిన ఆయుష్షు తిరిగి రప్పించుకోడానికి నా కాళ్ళ మీద పడ్డాడు. నేను అదిరిపడి మళ్ళీ వాడి కాళ్ళకేసి వంగాను. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

అప్పుడు వచ్చారు సన్నిబాబు మాస్టారు.

"ఏటి సేసినావు బాబూ?"

"మీరు చేసేదే చేశాను మాస్టారూ. కాళ్ళు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను."

"నాను కాళ్ళట్టుకోడమేటి? అరికాలు సూత్తాను" అన్నారాయన.

అప్పుడు చెప్పారు. ఎల్లగీత ఒక్కటే తెల్ల ముగ్గుతో వేస్తారు. లోపలి గీతలన్నీ మట్టిలో కర్రతో గీసిన గాట్లే. చెమట కాలు ఎల్లగీత మీద పడిందంటే అరికాలికి తెల్లగా అంటుకుంటుంది. ఆ తెలుపు ఆటగాడికే చూపిస్తే మారుమాట్లాడకుండా వెళ్ళిపోతాడు. ఇక కళ్ళకద్దుకోవడమా, అది కంట్లోకి కారే చెమట తుడుచుకోవడమట. గీత దగ్గర నిలబడి ఉంటే ఇదంతా మొదటి రోజే తెలిసేది. పందిట్లోంచి వినయం కనబడింది.

మాస్టారు దాసు కాళ్ళు ఒకటి తరవాత ఒకటి ఎత్తి చూశారు. పసిపిల్లాడి పాదాల్లా శుభ్రంగా ఉన్నాయి. నేను అంత శ్రద్ధగా తుడిచాను మరి. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా రెండు చేతులతో నేనే తుడిచిపారేశాను. ఇక జిల్లా పోటీలు లేవు, పాడేరు లేదు, తెల్ల టీషర్టు ఇంట్లో తుడవడానికి పనికొస్తుందనుకున్నాను. సిగ్గుతో తలెత్తి మాస్టారి మొహంలోకి చూశాను.

ఆయన నా మొహంలోకి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, గడ్డం పైకెత్తి మళ్ళీ చూశారు. తరవాత నా భుజాలు పట్టుకుని జనం వైపు తిప్పారు.

నా రెండు కనురెప్పల మీదా, నుదుటి మీదా ఎర్రమట్టి, దాని మీద తెల్లగా ముగ్గు.

దాసు దగ్గరకొచ్చి నా మొహం పరీక్షగా చూశాడు. తన కాలు చూసుకున్నాడు. "నాదే సారూ" అన్నాడు నీరసంగా. మాస్టారు నా మెళ్ళో ఉన్న విజిల్ అందుకుని ఊది, దాసు ఔట్ అన్నారు. పైవూరివాళ్ళు కూడా పలుపు వదిలేసి నవ్వడం మొదలుపెట్టారు. ఎవరో మొహం కడుక్కోమని నీళ్ళు తెస్తే కొండబాబు అడ్డుపడ్డాడు. మేకపోతు తమ ఊరు చేరేవరకూ సాక్ష్యం అలాగే ఉండాలన్నాడు.

సాయంత్రం మాస్టారు నా ముందే పాడేరుకు ఫోన్ చేశారు. నా పేరు చెప్పారు, బడి పేరు చెప్పారు. గొడవైతే జరగలేదండీ, జనం నవ్వుకుంటూనే ఇళ్ళకెళ్ళారు అని కూడా చెప్పారు. ఆయన ఎంత మంచివారో అనుకుని నా కళ్ళు చెమర్చాయి. "రిఫరీగా కాదండీ. ముగ్గెయ్యడానికి" అని ముగించారు.

జిల్లా పోటీలు జరిగినన్ని రోజులూ ఇస్త్రీ టీషర్టు వేసుకుని ఎల్లగీతలు గీశాను. వంకర ఒక్కటి లేదు, కావాలంటే అడిగి చూడండి.

అందుచేత, అయ్యలారా, అమ్మలారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకోడానికి వెళితే, బంగారు కుర్చీ వేసినా కూర్చోను. ఎవరి కాళ్ళకైనా దండం పెట్టాల్సి వస్తే, ముందు అరికాలు చూడనిదే వంగను. ఈ ప్రమాణానికి ఎంత కట్టుబడి ఉన్నానంటే, మొన్న మా మరదలి పెళ్ళిలో దండం పెట్టబోయే ముందు మా మామగారిని కాలు కాస్త ఎత్తమన్నాను. ఆయన ఇంకా నాతో మాట్లాడ్డం లేదు.