ఓలీటా కుట్టే పిస్తోలు జేబులు

మా ఊళ్ళో ఎవరి దగ్గర పిస్తోలు ఉందో షెరీఫ్‌కి పూర్తిగా తెలియదు. పాస్టర్‌కి అసలే తెలియదు. కొన్ని ఇళ్ళలో కట్టుకున్న పెళ్ళాలకి కూడా తెలియదు. ఓలీటాకి మాత్రం తెలుసు. అలాగని ఎవరూ ఆమె చెవిలో చెప్పి పోరు. జేబు చిరిగినప్పుడు ప్యాంటు తెచ్చి ఇస్తారు, అంతే. చిన్న పిస్తోలు రోజూ జేబులో వేసుకు తిరిగితే జేబు గుడ్డ ఒక తీరులో అరుగుతుంది. గొట్టం మూతి ఆనే చోట చిల్లు పడుతుంది, ఒక పక్కన నూనె మరక అవుతుంది. ఓలీటా ఆ జేబుని తిరగేసి, కిటికీ వెలుతురులో చూసి, దళసరి గుడ్డతో కొత్తది వేసి ఇస్తుంది.

ఆమె కుట్టు షాపుకీ మా హార్డ్‌వేర్ షాపుకీ మధ్య ఒకటే గోడ. మా దాంట్లో మేకుల డబ్బాలు, కోళ్ళ దాణా బస్తాలు దాటుకుని వెనక్కి వస్తే పిస్తోళ్ళ అద్దాల బల్ల కనిపిస్తుంది. దాని వెనక కూర్చునే వెర్లన్‌ని నేనే. ఊరందరి జేబుల గుట్టూ పక్క గోడవతల ఉందంటే నాలాంటి వాడికి నిద్ర పడుతుందా? ఎన్నిసార్లు కూపీ లాగానో లెక్కలేదు. పాస్టర్ సంగతేమిటని అడిగితే, ఆయన ప్యాంటు గుడ్డ మంచిదనేది. పిస్తోలు సంగతి అడుగుతున్నానని అంటే, బొత్తాలు కూడా మంచివేననేది. నాకు ఒళ్ళు మండేది, కానీ లోలోపల ఆవిడంటే గౌరవం ఉండేది.

అలాంటి ఓలీటా వసంతంలో ఒక రోజు పొద్దున్నే వచ్చి, తనకే ఒక పిస్తోలు కావాలంది. జేబులో పట్టేది, బయటికి కనిపించనిది.

ఎందుకని నేను అడగలేదు. గార్లండ్ ప్రాఫిట్ జైలు నుంచి వచ్చాడని అందరికీ తెలుసు. అతను ఓలీటా మాజీ మొగుడు. రంపపు మిల్లులో ఒకణ్ణి ఇనపకడ్డీతో చావగొట్టి లోపలికి పోయాడు. అతను లోపల ఉండగానే ఆమె విడాకులు తీసుకుంది. బయటికొచ్చాక ముందు నీ గుమ్మానికే వస్తానని ఆ రోజు కోర్టులో అందరూ వింటుండగా అన్నాడు. ఇప్పుడు పెరోల్ మీద వచ్చి, కొండ మొదట్లో వాళ్ళమ్మ ఇంట్లో ఉంటున్నాడు. ఓలీటా ఛాయలకి పోకూడదని కోర్టు ఆజ్ఞ. చలికాలమంతా బుద్ధిగానే ఉన్నాడు. ఈ మధ్యనే రోడ్డుకి అవతల, కోర్టు గీసిన హద్దుకి సరిగ్గా బయట, ట్రక్కు ఆపుకుని ఆమె షాపు కేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆడమనిషి పిస్తోలు అడిగితే బల్ల వెనక మగాళ్ళందరం ఏం చేస్తామో నేనూ అదే చేశాను. ఉన్నవాటిలోకెల్లా చిన్నది తీసి, ముద్దుగా ఉంటుందని చెప్పి చేతిలో పెట్టాను. ఓలీటా దాన్ని అటూ ఇటూ తిప్పింది, వాసన చూసింది, కుట్టు మిషను మరమ్మతు చేసేటప్పుడు చూసినట్టు సందుల్లోకి చూసింది. ఇంత బుల్లి దాంట్లో స్ప్రింగు ఎక్కడ దాచారని అడిగింది. పైభాగం వెనక్కి లాగి వదిలితే తెలుస్తుందన్నాను. లాగబోయింది. అంగుళం కూడా కదల్లేదు. పిస్తోలు చిన్నదయ్యే కొద్దీ స్ప్రింగు బిగువు పెరుగుతుంది, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా ముద్దుగా ఉంటుందని ఇచ్చాను చూడండి.

ఆమె కుడి మణికట్టు సగం వరకే తిరగడం అప్పుడు గమనించాను. చర్చి మెట్ల మీద జారిపడి చెయ్యి విరిగిందని చాలా ఏళ్ళ కిందట ఊరంతా అనుకున్నాం.

"మెట్ల మీద పడ్డ చెయ్యి ఇంకా సరికాలేదా?" అన్నాను.

"మెట్లు ఏం చేశాయి పాపం," అంది పిస్తోలు మీంచి చూపు తిప్పకుండా. "విరిచింది గార్లండ్. ఈ చేత్తో పనిచేసేది ఏదైనా ఉంటే చూపించు వెర్లన్."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడు ఆ మెట్ల పక్కన పట్టుకోవడానికి కొత్త కమ్మీలు బిగించింది నేనే.

ఆ తర్వాత మధ్యాహ్నం వేళ రోజూ వచ్చేది. భయపడుతున్న మనిషి ఏదో ఒకటి తీసుకుని పోతుందనుకున్నాను. ఈవిడ భయపడుతూనే ప్రశ్నలడుగుతుంది. ఇదెందుకు గుండ్రంగా ఉంది, దీని బరువంతా ముందుకెందుకు పోయింది, చెమట తగిలితే తుప్పు పడుతుందా, చిల్లర కూడా ఇదే జేబులో వేసుకోవచ్చా? పిస్తోలు ఉన్న జేబులో ఇంకేదీ ఉండకూడదని చెప్పాను. మరి ఊళ్ళో మగాళ్ళందరూ పిప్పరమెంట్లు కూడా వేసుకుంటారేమని అడిగింది. వాళ్ళు వెధవలు కాబట్టి అన్నాను. బల్ల ముందు నిలబడ్డ ఇద్దరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

ఆడవాళ్ళ గౌన్లకి జేబులుండవు, ఉన్నా రుమాలు కూడా పట్టదు. అందుకని ఓలీటా పనిలో గౌను మీద కట్టుకునే ఏప్రన్ తెచ్చుకుని దానికి రకరకాల జేబులు వేసింది. ఖాళీ పిస్తోళ్ళు ఒక్కొక్కటే నేను అందిస్తుంటే జేబులో వేసుకుని వంగేది, కూర్చునేది, మేకుల డబ్బా కోసం చెయ్యి పైకి చాపేది. సలహాలివ్వడానికి జనం తయారు. చేతిసంచిలో పెట్టుకోమని ఒకాయన అన్నాడు. ఆ సంచి ఎక్కడ పెట్టానో వెతుక్కునే దాకా గార్లండ్ ఆగుతాడా అని అడిగింది. ఆయన కోళ్ళ దాణా ధర కనుక్కుని వెళ్ళిపోయాడు. తూటాని కొట్టే సుత్తి వెనక పైకి పొడుచుకు వచ్చే రివాల్వర్‌ని చూసి మాత్రం ఆమె మొహం చిట్లించింది. "ఇది నా గుడ్డని కొరుకుతుంది. బయటికి తీసేటప్పుడు దారాల్లో తగులుకుంటుంది," అంది.

శనివారం మా ఇంటి వెనక పొలంలో బీన్స్ డబ్బాలు వరసగా నిలబెట్టి పేల్చి చూడమన్నాను. ముద్దుగా ఉందన్న ఆ చిన్నది పేలగానే ఆమె చేతిలోంచి ఎగిరిపడబోయింది. పిల్లదానికి ఇంత పొగరేమిటని నవ్వింది. బరువు లేనిదే ఎక్కువ తంతుందని చెప్పాను. చివరికి కాస్త బరువైన ఉక్కు రివాల్వర్ ఒకటి నచ్చింది. అయిదు తూటాలు పడతాయి, సుత్తి లోపలే దాగి ఉంటుంది, వెనక్కి లాగాల్సింది ఏదీ లేదు. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి దన్నుగా పెట్టి డబ్బాని పడగొట్టింది. పడగొట్టి, దాని దగ్గరికి వెళ్ళి చిల్లులో వేలు పెట్టి చూసింది.

"మనిషి మీద పేల్చాలంటే ఎలా ఉంటుంది వెర్లన్?"

"నాకేం తెలుసు? ఎప్పుడూ పేల్చలేదు."

"అది తెలియకుండానే ఇన్నేళ్ళూ అమ్ముతున్నావా?"

దెప్పిపొడవడానికి అన్న మాట కాదది, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇద్దరం డబ్బాలు ఏరుకుని వచ్చేశాం. ఆ రివాల్వర్‌ని ఆమె పేరు మీద పక్కన పెట్టాను.

సోమవారం ఓలీటా చంకలో ఒక నల్ల ప్యాంటు పెట్టుకుని వచ్చింది. మోజెల్ తెచ్చి ఇచ్చిందని చెప్పింది. మోజెల్ అంటే గార్లండ్ తల్లి. కొడుకు ప్యాంటు కుడి జేబుకి చిల్లు పడిందట, కుట్టి పెట్టమందట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోడలి చెయ్యి విరిచిన వాడి ప్యాంటు ఆ చేతికే ఇస్తుందా, సిగ్గుండొద్దా అన్నాను. జేబు చిరిగిందంటే కాళ్ళు వాటంతటవే ఓలీటా షాపుకి పోవడం మా ఊళ్ళో అలవాటే, కాదనను. కానీ దేనికైనా హద్దుండాలి.

"తిట్టింది చాలు గానీ ఇది చూడు," అని ఓలీటా జేబుని బయటికి లాగింది. అడుగున చిల్లు, మధ్యలో గుండ్రంగా అరిగిన గుడ్డ, పైన ఒక పక్క దారాలు పీకినట్టు చిన్న చిరుగు. "నీ బల్లలో ఉన్నవి ఒక్కోటీ ఇందులో పెట్టి చూపించు."

పెట్టాను. మొదటిది పొట్టిగా ఉండి చిల్లు దాకా రాలేదు. రెండోది పలకగా ఉండి, గుండ్రటి అరుగుదలకి కుదరలేదు. తర్వాత ఆమె మొహం చిట్లించిన ఆ రివాల్వర్‌ని తీశాను. గొట్టం మూతి చిల్లు దగ్గర, తూటాల చక్రం అరిగిన చోట, వెనక సుత్తి సరిగ్గా చిరుగు కింద కూర్చున్నాయి. జైలుకి పోయి వచ్చినవాడు అలాంటిది తాకితేనే నేరం. అది పెట్టుకునే రోజూ రోడ్డుకి అవతల కూర్చుంటున్నాడు.

నడువు, షెరీఫ్ దగ్గరికి పోదామన్నాను. ఓలీటా కదల్లేదు. ఇన్నేళ్ళలో ఎవరి జేబు సంగతీ బయట పెట్టలేదని, ఇవాళ పెడితే రేపు తన గుమ్మం ఎవరు తొక్కుతారని అంది. నేను మళ్ళీ కేకలేశాను. ఆమె వినిపించుకోలేదు. జేబు అంచు కుట్టు మీద బొటనవేలితో రాస్తూ ఆలోచిస్తోంది.

"ఒక్కటి అర్థం కావట్లేదు," అంది. "నాకు జేబు కుట్టడం నేర్పిందే మోజెల్. పెళ్ళైన కొత్తలో, ఆవిడ వంటింట్లో. కళ్ళు మూసుకుని కుట్టేస్తుంది. నా దగ్గరికెందుకు తెచ్చింది?"

"పెద్దావిడ కదా, చూపు ఆని ఉండదు."

"పోయిన నెల చర్చికి బొంత కుట్టి ఇచ్చింది. ఆ కుట్లు నావాటికన్నా సన్నం."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఓలీటా ప్యాంటు మడత పెట్టి, పట్టపగలు రోడ్డు దాటి షెరీఫ్ ఆఫీసులోకి నడిచింది. ఎదురుగా ట్రక్కు ఉంది, అందులో గార్లండ్ ఉన్నాడు. ఆమె అటు కన్నెత్తి కూడా చూడలేదు. తలుపు దాటే దాకా నేను మా గుమ్మంలో నిలబడి చూశాను.

పెరోల్ మీద ఉన్నవాణ్ణి సోదా చెయ్యడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. ట్రక్కులోనే రివాల్వర్ దొరికింది. గార్లండ్ మళ్ళీ లోపలికి పోయాడు. ఎలా పట్టుబడ్డాడో ఊరికి తెలిసిపోయింది. కొందరు మగాళ్ళు ప్యాంట్లు పట్టుకుని పక్క ఊరికి పోవడం మొదలుపెట్టారు. పోతే పోయారు, వాళ్ళ జేబులు నెల తిరక్కుండా చిరుగుతాయి. పాస్టర్ మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాడు. ఎందుకో ఓలీటా ఇప్పటికీ చెప్పదు.

రివాల్వర్ కాగితాల పని పూర్తయ్యాక పెట్టెలో పెట్టుకుని నేనే ఆమె షాపుకి వెళ్ళాను. వెళ్ళేసరికి మోజెల్ అక్కడే ఉంది, ప్యాంటు తీసుకుపోవడానికి వచ్చింది. షెరీఫ్ వాళ్ళు తిరిగి ఇవ్వగానే ఓలీటా దానికి కొత్త జేబు వేసి, ఇస్త్రీ కూడా చేసి పెట్టింది. ముసలావిడ జేబులో చెయ్యి పెట్టి, కుట్టు మొదలు నుంచి చివరిదాకా వేలితో తడిమి, బాగుందన్నట్టు తలాడించింది.

విడాకుల తర్వాత ఓలీటా ఆమెని ఏ వరసా పెట్టి పిలవగా నేను వినలేదు. ఆ రోజు పిలిచింది.

"నువ్వే కుట్టుకోగలవు కదా అత్తమ్మా. నాకెందుకు తెచ్చావ్?"

మోజెల్ నా చేతిలోని పెట్టె కేసి చూసింది. అందులో ఏముందో అడగలేదు.

"నువ్వు వెర్లన్ దగ్గరికి తిరుగుతున్నావని విన్నా. నా కొడుకు జేబులో ఒకటి, నీ జేబులో ఒకటి. మీ ఇద్దరిలో ఎవరో ఒకళ్ళని నా చేతుల్తో పాతిపెట్టాల్సి వచ్చేది. కన్నకొడుకు మీద చాడీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. జైలైతే, ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి రావొచ్చు."

ఓలీటా మిషను ముందున్న కుర్చీ ఆవిడ కోసం ఇవతలికి లాగింది. ఆ పెట్టెని ఎక్కడ పెట్టాలో తోచక నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను.