సిస్టరమ్మ కోసం నాలుగు జర్మన్ ముక్కలు

ఎనభైల మొదట్లో నేను పరకాలలో నర్సుని. సూది పట్టడం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పిన మర్తా సిస్టరమ్మ హసన్‌పర్తిలో ఉండేవారు. జర్మనీ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు. మా అందరికన్నా గడుసుగా తెలుగు మాట్లాడేవారు. ఆ ఎండాకాలం పక్షవాతం వచ్చి ఆమె నోట తెలుగు, ఇంగ్లీషు రెండూ పోయాయి, జర్మన్ ఒక్కటే మిగిలింది. కాలు ఆడించమంటే ఆమెకు అర్థం కాదు, ఆమె ఏడుస్తూ చెప్పేది మాకు అర్థం కాదు. నెలలోపు మంచం దిగకపోతే ఇక నడవదన్నారు డాక్టరు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి పరకాలలో బస్సెక్కాను. టికెట్ మూడు రూపాయలు. ఏడున్నరకు హన్మకొండ చౌరస్తాలో దిగి, జర్మనీలో చదివొచ్చిన ఒక రిటైర్డు ఇంజనీరు సార్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. సార్‌కు కూర్చోబెట్టి చెప్పే అలవాటు లేదు. "మాట నోట్ల ఉంటె సాలదు బిడ్డా, ఒంట్ల ఉండాలె" అంటూ వాకిట్లో నిలబెట్టారు. 'బైన్ హేబెన్' అంటే కాలెత్తు. 'లాంగ్‌సామ్' అంటే నిదానంగా. 'నోఖ్ ఐన్‌మాల్', ఇంకోసారి. ఆ 'ఖ్' పలకాలంటే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టే. 'ఔఫ్‌ష్టేయెన్' అంటే లేచి నిలబడు. ఒక్కో మాట అంటూ ఆ పని పదేసిసార్లు చేయించారు, జర్మన్ అంకెల్లోనే లెక్కపెట్టించి. వంటింట్లోంచి ఆయన భార్య కేకేసింది: "ఏందండి, పొద్దుగాల్నే ఆ పిల్లతోని గుంజీలు తీపిస్తాండ్రు? జర టిఫినన్న తిననియ్యుండ్రి!" ఉప్మా తినేసరికి తొడలు పట్టేశాయి.

పదింటికి హసన్‌పర్తి బస్సు దొరికింది, అరగంట దారి. ఆసుపత్రి వార్డులో సిస్టరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నెమ్మదిగా "బైన్ హేబెన్" అన్నాను. గిరుక్కున తలతిప్పి నా ముఖంలోకి చూశారు. కళ్లనిండా నీళ్లు. కాలు లేచింది, బెత్తెడే, కానీ లేచింది. "నోఖ్ ఐన్‌మాల్" అంటే మళ్లీ లేచింది. పావుగంట అలా చేయించి, ధైర్యం చేసి "ఔఫ్‌ష్టేయెన్" అన్నాను. నా భుజాలు పట్టుకుని నిలబడ్డారు. నడుం చుట్టూ చెయ్యేసి ఆనించుకున్నాను. పది లెక్కపెట్టేదాకా నిలబెట్టాలి. భయంతో జర్మన్ అంకెలన్నీ మరిచిపోయి, మా నాయన కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు అనే మాటే నోటికొచ్చింది: "లాభం..."

మా దిక్కు మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. కరువు రోజుల్లో ఊరూరా జొన్నలు కొలిచి పంచిన మనిషి సిస్టరమ్మ. నా భుజం గట్టిగా పట్టుకుని, నేను ఆగిన చోట అందుకున్నారు: "రెండు... మూడు... నాలుగు..." పదిదాకా తనే లెక్కపెట్టారు. "ఇగ సాలు బిడ్డా" అని కూర్చున్నారు.

నెల తిరక్కుండా వరండా దాకా నడిచారు. తెలుగు కొద్దికొద్దిగా వచ్చింది, మొదట అంకెలు, తర్వాత మా పేర్లు, ఆఖరున తిట్లు. తిట్లు తిరిగొచ్చిన రోజు వార్డంతా పండగ చేసుకున్నాం. పరాయి మాట నేర్చుకోవడం ఇంత ముద్దు పనని నాకు అంతకుముందు తెలియదు. మీరూ ఎవరికోసమైనా ఇలా పోతుంటే ఒక్క మాట: వాళ్ల భాషలో నాలుగు ముక్కలు బాగా నేర్చుకుని వెళ్లండి, మరిచిపోతే సిగ్గుపడి ఆగిపోకండి, నోటికొచ్చిన భాషలోనే లెక్కపెట్టండి.