గిలాస అడుగున గంజి

నూకల గంజిలో దంచిన వాము పడగానే లేచే ఘాటు ఉంటుందే, అది నన్ను ఇప్పటికీ మాదన్నపేటలోని మా పక్కింటి పొయ్యి ముందు కూర్చోబెడుతుంది. ఈ పొద్దు మనవడికి కడుపు చెడితే గంజి పెట్టాను, యాదమ్మక్క గుర్తొచ్చింది. వంట మా అమ్మ నేర్పింది. రోగికి తినిపించడం నేర్పింది మాత్రం యాదమ్మక్కే.

డెబ్బైల నాటి మాట. వాళ్లది పాల ఇల్లు. ఆమె పెనిమిటి మల్లేశన్నకు బర్రె తన్ని నడుం పోతే, నొప్పికని ఎవరో నల్లమందు అలవాటు చేశారు. నొప్పి పోయింది, మందు ఉండిపోయింది. తియ్యటి చాయ్ తప్ప ఏదీ మింగని మనిషయ్యాడు. యాదమ్మక్క పోరుపెట్టి దవాఖానలో వేసి మాన్పించింది. ఇంటికి పంపుతూ డాక్టరు, "ఇంకొన్నాళ్లు విరేచనాలవుతాయి, భయపడొద్దు. పాలు వద్దు. ఉప్పేసిన గంజి కొంచెం కొంచెంగా పట్టు. ఆకలి పుట్టాక పప్పు, గుడ్డు" అని చెప్పాడు.

ఆమె చెంచాతో పట్టేది. కక్కితే మూతి తుడిచి, కాసేపాగి మళ్లీ పట్టేది. "డాక్టరమ్మవైనవే," అని మల్లేశన్న ఎక్కిరిస్తే, "అయిన. నోరు తెరువు," అనేది. నాతో, "నిండుగ చూపియ్యకు చెల్లె, చూస్తేనే కక్కొస్తది. గిలాస అడుగున కొంచెమే పొయ్యి. అయిపోయిందనిపియ్యాలె," అంది.

అత్త కొమురమ్మకు ఇదంతా నామోషీ. గడపలో కూర్చుని గల్లీ అంతా వినేలా, "ఇంటినిండ బర్రెలుండంగ నా కొడుక్కు గంజినా? జైల్ల పోసినట్టు పోస్తున్నది!" అనేది.

ఒకరోజు మల్లేశన్న తనంతట తానే, "ఆకలైతుందే, పప్పుచారు చెయ్యి," అన్నాడు. యాదమ్మక్క మొహం చూడాల్సింది! పప్పు పొయ్యి మీద పెట్టి, నన్ను వెంటేసుకుని టమాటలకు మార్కెట్‌కు ఉరికింది. తిరిగొచ్చేసరికి ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. పక్కన ఖాళీ గిలాస. ఆమె తీసి వాసన చూసింది.

"ఏం పోసినవ్, అత్తా?"

"పాలు పోసిన. కడుపు జారింది. ఆగుతలేదని ఆవగింజంత మందు కలిపి ఇంకింత తాపిన. పసిపిల్లగాడున్నప్పుడు నేనే నాకించిన, ఏమైంది? చూడు, ఎంత నిమ్మళంగ పండిండో!"

అప్పట్లో పసిపిల్లల కడుపు జారితే తల్లులు నల్లమందు నాకించేవాళ్లు. ఎవరూ తప్పనుకోలేదు. కొమురమ్మ దాచనూ లేదు, గర్వంగానే చెప్పింది. యాదమ్మక్క పప్పు దించి పొయ్యి ఆర్పింది.

లేచాక ఆయన పప్పుచారు అడగలేదు, మందు అడిగాడు. మళ్లీ దవాఖానకు రానంటే రానన్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

పోయినాయన పేరిట కాకికి ముద్ద పెట్టే రోజు, పిట్టకు పెట్టేనాడు, కొమురమ్మ ఏడుస్తూ చిక్కటి పాలు తెచ్చి, విస్తరి దగ్గర తటపటాయించింది. "పెట్టత్తా, పెట్టు," అంది యాదమ్మక్క. "ఇంక ఆయన కడుపు చెడేది లేదు."

ఇందాక మనవడికి గిలాస అడుగున కొంచెమే పోసి ఇచ్చాను. మా కోడలు బంగారం లాంటి పిల్ల. బిడ్డ నీరసపడ్డాడని పాలు కాచి తెచ్చింది. అందుకుని ముందు వాసన చూశాను.

"విరిగినయా, అత్తమ్మా?"

"లేదు బిడ్డా, మంచిగనే ఉన్నయి," అని గిలాస నా దగ్గరే పెట్టుకున్నాను.