తీగ కట్టిన సైకిలు

ఆ సైకిలు మా ఇంటికొచ్చిన రోజునే దాన్ని పాతసామాన్ల వాడికి వేసెయ్యమన్నాను. గట్టిగానే అన్నాను, అపార్ట్‌మెంటు సెల్లారులో నలుగురూ ఉండగా అన్నాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చెబుతుంటాడు గానీ, ఆ రోజు కోపం రావడంలో నా తప్పేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి చోట తొక్కడానికి ఆయన ఎవరో సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న ఆ సైకిలుకి గేర్లు లేవు, స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డులు లేవు, వెనక క్యారియర్ లేదు. ముందు చక్రానికి మాత్రం ఒక బ్రేకుంది, అదీ మొహమాటానికి పెట్టినట్టు. ఇన్ని లేనందుకు దాని ఖరీదు తగ్గాలి కదా, పెరిగిందట.

దీన్ని ఫిక్స్‌డ్ గేర్ సైకిలంటారని, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు కూడా తిరుగుతూనే ఉంటాయని, మధ్యలో కాళ్లు ఆపడం కుదరదని ఆయన సెల్లారులో క్లాసు తీసుకున్నాడు. కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పే మనిషి. ఎక్కడ నలుగురు కనబడినా ఆయనకు క్లాసే. క్లాసయ్యాక సైకిలెక్కి గేటు దాకా వెళ్లాడు. అక్కడ అలవాటు కొద్దీ కాళ్లు ఆపాడు. పెడళ్లు ఆగలేదు. పక్క ప్లాటువాళ్లు ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప ఎదురుగా ఉంది కాబట్టి మోకాలి దెబ్బతో సరిపోయింది.

ఫ్రీ వీల్ జామయింది సార్ అన్నాడు వాచ్‌మన్. కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఆ ఫ్రీ వీలే దీనికసలు ఉండదని ఆయన ఇసుక దులుపుకుంటూ చెప్పాడు. అది లేకుండా సైకిలెట్లయితది అని వాచ్‌మన్ నా వైపు జాలిగా చూశాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను, పాతసామాన్ల మాట అప్పుడే అన్నాను.

అని, సైకిల్ని ఇసుకలోంచి లేపాను. వెనక చక్రం ఎత్తి చేత్తో ఒక్క తిప్పు తిప్పితే పెడళ్లు వాటంతటవే గిరగిరా తిరిగాయి. ఆ సైకిలు నాకు తెలుసు. నేను సైకిలు నేర్చుకున్నదే అలాంటి దాని మీద.

నల్లగొండ దగ్గర మా ఊళ్లో మా అన్నయ్యకు ఒక సైకిలుండేది. దాని ఫ్రీ వీల్ అరిగిపోయి, ఎంత తొక్కినా పెడళ్లు ఉత్తగా తిరిగేవి తప్ప చక్రం కదిలేది కాదు. కొత్తది వేయించే ఉద్దేశం మా నాయనకు లేదు. ఊళ్లో సైకిల్ షాపాయన వెనకున్న పళ్లచక్రాన్ని ఇనుప తీగతో చక్రం ఊచలకు బిగించి కట్టేశాడు. దాంతో సైకిలు కదిలింది గానీ పెడళ్లు ఆగడం మానేశాయి. దిగుడులో కూడా కాళ్లు ఆడించాల్సిందే. అన్నయ్యకు అది నామోషీ. దోస్తులు నవ్వుతారని ఇంట్లో పడేసి నడిచిపోయేవాడు. అలా అది నా చేతికొచ్చింది. ముందు బారు కింద నుంచి కాలు దూర్చి, తర్వాత సీటెక్కి, బత్తాయి తోటల దాకా తొక్కేదాన్ని. కాళ్లతో కాస్త వెనక్కి ఒత్తితే నెమ్మదించేది, ముందుకి ఒత్తితే ఉరికేది. ఇంట్లో నా మాట వినేది అదొక్కటే.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి సైకిలు లేదు. మా అమ్మ దాన్ని పాతసామాన్ల వాడికిచ్చి రెండు స్టీలు బకెట్లు తీసుకుంది. అన్నయ్యను అడిగిందట, ఇచ్చెయ్యమన్నాడట. నన్నెవరూ అడగలేదు. ఆ బకెట్లతో నీళ్లు తెమ్మంటే తేనని చాన్నాళ్లు మొండికేశాను. ఎందుకు తేవని కూడా ఎవరూ అడగలేదు, నాలుగు తిట్టి ఊరుకున్నారు.

కాబట్టి సెల్లారులో ఉన్న ఆ సైకిలెక్కాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఏ మొహం పెట్టుకుని ఎక్కను? నవ్వింది నేను, అమ్మెయ్యమన్నది నేను. మొదటి అంతస్తు నుంచి అయిదో అంతస్తు దాకా అందరికీ తెలుసు. తుర్కయంజాల్‌లో నేను టీచరుగా చేస్తున్న బడికి స్కూటీ మీద వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సెల్లారులో దాన్ని ఓరకంట చూసుకుని పోయేదాన్ని.

ఆ సైకిలుకి ఒక జబ్బు కూడా ఉంది. కాళ్లు వెనక్కి ఒత్తినప్పుడల్లా వెనక చక్రంలో ఏదో టక్కుమని జారేది. బాగుచేయించాలని మా ఆయన షాపుల వేట మొదలుపెట్టాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నాడు. నీ పరువెట్ల పోతదో చూస్తానన్నాను. అది నా స్వభావానికి సరిపోయింది కాబట్టి నమ్మాడు.

మెయిన్ రోడ్డు మీది పెద్ద షోరూములో సేల్స్‌మన్ మమ్మల్ని కూర్చోబెట్టి బాబుకి ఎన్నేళ్లని అడిగాడు. సైకిలు బాబుకి కాదు, నాకే అన్నాడు మా ఆయన. అతను ఆయన పొట్ట వైపు చూసి, గేర్లున్నవి తీసుకోండి సార్, ఎక్కుడులో ఆయాసం ఉండదు అన్నాడు. కొత్తది వద్దు, ఇది బాగుచెయ్యండి అంటే మా సైకిల్ని అటూ ఇటూ చూసి, ఇది చాలా పాత మోడల్ సార్, అప్పట్లో గేర్లు రాలేదు అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను గులాబీ రంగు బుట్టలున్న సైకిళ్ల వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను.

తర్వాత కొత్తపేట. పళ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్లిపోయినా ఆ పేరు వింటే నాకిప్పటికీ బత్తాయిల వాసనే వస్తుంది. అక్కడ సందులో ఉన్న మెకానిక్ వెనక చక్రం ఎత్తాడు, తిప్పాడు, పెడళ్లు తిరగడం చూశాడు, డాక్టరులా తలాడించాడు. ఫ్రీ వీల్ పట్టేసింది సార్ అన్నాడు. మా ఆయన క్లాసు మొదలుపెట్టాడు. మెకానిక్ చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. విని, అట్లనే సార్, జర కిరోసిన్ పోస్తే ఇడుస్తది అన్నాడు. మా ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో కోచింగ్ సెంటర్ నుంచి ఫోనొస్తే పక్కకు వెళ్లాడు. ఆయన అటు తిరగ్గానే మెకానిక్ ఉలీ సుత్తీ తీసి పళ్లచక్రం మీద పెట్టాడు.

"ఆగన్నా, సుత్తి పెట్టకు. అది జామ్ కాలే, గట్లనే ఉంటది" అన్నాను.

మా ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నన్ను చూశాడు. బయటికొచ్చాక నీకెలా తెలుసని అడిగాడు. నువ్వు సెల్లారులో చెప్పిన క్లాసు విన్న కదా అన్నాను. పాపం, ఎంత సంతోషించాడో. ఇన్నేళ్ల సర్వీసులో తన క్లాసు ఒకరికి అర్థమైంది.

ఇక మిగిలింది నెట్టు. ఫిక్స్‌డ్ గేరు తెలిసిన షాపులు ఎక్కడున్నాయని వెతికితే అన్నీ నగరానికి అటు చివర, గచ్చిబౌలి వైపు కనబడ్డాయి. మా వైపు ఒక్కటీ లేదు. మా వైపు మనుషులకి ఏం తక్కువో నాకు అర్థం కాలేదు, ఒళ్లు మండింది. ఆయన ఒక షాపుకి ఫోన్ చేశాడు. వాళ్లు ఇంగ్లీషులో వెనక ఎన్ని పళ్లు, ముందు ఎన్ని పళ్లు అని అడిగారు. మూలకాలన్నీ వరసగా అప్పజెప్పే మనిషికి తన సైకిలు పళ్లు తెలియలేదు. లెక్కపెట్టి మళ్లీ చేయమన్నారు. చేస్తే, తెచ్చి వదిలి వెళ్లండి, వీలైనప్పుడు చూస్తామన్నారు. అంత దూరం ఎలా తేవాలంటే తొక్కుకుంటూ రావచ్చు కదా అన్నారట. ఆయన ఫోను పెట్టేసి, మోకాలికున్న కట్టు చూసుకున్నాడు.

"నువ్వు చెప్పిందే కరెక్టు. అమ్మేద్దాం" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ ఆయన నోట ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాను. వచ్చి వచ్చి ఇప్పుడా రావడం? ఇంకో షాపు చూద్దామన్నాను. వద్దన్నాడు. తుర్కయంజాల్లో ఎవరైనా ఉంటారేమో అడుగుతానన్నాను. నీకు శ్రమ ఎందుకన్నాడు. మా ఆయనది గుంటూరు. ఆ వైపు మనుషులు మొండితనంలో ఎంతకైనా పోతారు గానీ, ఒప్పుకోవడం మొదలుపెడితే అదీ అంతే మొండిగా ఒప్పుకుంటారు. ఎల్బీనగర్‌లో పాత సైకిళ్లు కొనే షాపొకటి ఉందని తెలుసుకుని, ఆదివారం పొద్దున్నే బయల్దేరాడు.

మోకాలి వల్ల తొక్కలేడు కాబట్టి నడిపించుకుంటూ వెళ్లాడు. ఆ సైకిల్ని నడిపించినా పెడళ్లు తిరుగుతాయి, తిరిగి పిక్కల మీద కొడతాయి. ఆయన ముందు నడుస్తూ అడుగడుక్కీ అబ్బా అనడం, నేను స్కూటీ మీద ఆయన నడక వేగంతో వెనక పాకడం. చైతన్యపురి దగ్గర ఒక పెద్దావిడ స్కూటీ పక్కకొచ్చి, ఏదో కోపంలో పోతుండు, నువ్వే సముదాయించుకో బిడ్డా అంది. సముదాయించే పనిలోనే ఉన్నానని చెప్పాను. నిజంగానే దారంతా నోటిదాకా వచ్చింది, అమ్మొద్దు అని. ప్రతిసారీ సెల్లారులో నవ్విన నా నవ్వు అడ్డమొచ్చింది. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, నాకు ఏడుపొస్తోంది.

ఆ షాపు ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, విజయవాడ బస్సులు ఆగే చోటికి కాస్త అవతల, సర్వీసు రోడ్డు మీద ఉంది. బయట పాలక్యాన్ల కొక్కేలున్న సైకిళ్లు, పెద్ద అంబర్‌పేట్ వైపు పనికి పోయేవాళ్ల సైకిళ్లు. షాపాయన మా ఈడు మనిషే. వెనక చక్రం ఎత్తాడు, తిప్పాడు, అందరూ అన్నదే అన్నాడు. ఫ్రీ వీల్ పాయె సార్, కొత్తది ఏసి అమ్ముకుంట అన్నాడు. మా ఆయన క్లాసు కూడా తీసుకోలేదు, సరేనన్నాడు. షాపాయన చెయ్యి నట్లు విప్పే రెంచి మీదికి పోయింది.

"అన్నా, ఫ్రీ వీల్ పోతే మీ ఊర్ల తీగ కట్టకపోతుండ్రా?" అన్నాను.

అతను చెయ్యి ఆపి నన్ను చూశాడు. కట్టేవాళ్లమన్నాడు. తనది దేవరకొండ దిక్కని, చిన్నప్పుడు తొక్కిందంతా తీగ కట్టిన సైకిలేనని చెప్పాడు. గిదీ గంతే, తీగ లేకుండ కట్టిండ్రు అన్నాను. మళ్లీ చక్రం తిప్పి, వంగి చూసి, మెల్లగా నవ్వాడు.

"మేం పైసల్లేక కట్టిచ్చుకున్నం. మీరు పైసలిచ్చి కట్టిచ్చుకున్నరా సార్?"

మా ఆయనకి మొదటిసారి కోపం రాలేదు. పక్కన గొంతుకూర్చుని, పళ్లచక్రం బయటున్న రింగు వదులైందేమో, అది మామూలు నట్టులా కాదు, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుందట, నెట్‌లో చదివాను అన్నాడు. షాపాయన ఎడమవైపే తిప్పి, గట్టిగా బిగించి, చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపాడు. టక్కుమనడం పోయింది. నగరమంతా తిరిగితే దొరకని రిపేరు రెంచితో ఒక్క తిప్పులో అయిపోయింది. ఎవరన్న తొక్కి చూడుండ్రి అన్నాడు. మా ఆయన మోకాలు చూపించి, అక్కర్లేదు, ఎలాగూ అమ్మడానికే కదా అన్నాడు.

"అమ్మొద్దు. నేను తొక్కుత" అన్నాను.

స్కూటీ తాళాలు ఆయన చేతిలో పెట్టి, చున్నీ నడుముకి కట్టుకున్నాను. సీటు ఎత్తుగా ఉంది, కాలికొసలు మాత్రమే అందుతున్నాయి. అయినా ఎక్కాను. మొదట పెడళ్లు నన్ను తొక్కాయి. పంక్చర్ షాపు దాటేసరికి కాళ్లకి గుర్తొచ్చింది. వెనక్కి ఒత్తితే నెమ్మదించింది, ముందుకి ఒత్తితే ఉరికింది. నా వయసెంతో, నేనెవరి టీచర్నో, ఏమీ గుర్తులేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూస్తున్నారు, చూడనీ. గట్టిగా నవ్వాను, కళ్లల్లో నీళ్లొచ్చాయి, రెండూ దాచుకోలేదు. అవతల ఖాళీ స్థలం దగ్గర తిప్పుకుని వచ్చి, కాళ్లతోనే ఆపి, షాపు ముందు దిగాను.

మా ఆయన తాళాలు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. సైకిలొచ్చని ఎప్పుడూ చెప్పలేదేంటని అడిగాడు. నువ్వడగలే అన్నాను. అని అక్కడితో ఊరుకోలేకపోయాను. అన్నయ్య సైకిలు, తీగ, బకెట్లు, అన్నీ ఆ రోడ్డు మీదే చెప్పేశాను. సెల్లారులో నవ్విన నవ్వు సంగతి కూడా చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు, మధ్యలో క్లాసేమీ తీసుకోలేదు.

షాపాయనకి అవతల ఇంకో బేరం వచ్చినట్టుంది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏంది సార్, సైకిలు ఇస్తున్నరా లేదా అని మా ఆయన్ని అడిగాడు.

"నన్నడక్కండి. సైకిలు ఆవిడది, ఆవిడ్ని అడగండి" అన్నాడు మా ఆయన.

షాపాయన నా వైపు తిరిగాడు. "ఏమంటవక్కా, ఇస్తవా?"

చిన్నప్పుడు అడగాల్సిన మాట, ఎల్బీనగర్ సర్వీసు రోడ్డు మీద అడిగారు.

"సీటు జర కిందికి దించన్నా" అన్నాను.