పాలవెల్లికి వచ్చిన గబ్బిలం

నిన్న సంతలో కొన్న జామపళ్ళు సంచిలోనే మగ్గినట్టున్నాయి, పొద్దున వంటింటి తలుపు తీయగానే తీపి వాసన గుప్పుమంది. వినాయక చవితి నాటి ఈ వాసనకు నాకు దేవుడు గుర్తుకు రాడు, గబ్బిలం గుర్తుకొస్తుంది.

డెబ్బైల చివర మేం జంషెడ్‌పూర్ పక్కన బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్నకు యార్డులో పని. భాద్రపదం వచ్చేసరికి వానకు తడిసిన బొగ్గుమసి వాసన, ఇంజన్ల పొగ, అమ్మ ఉడికించే ఉండ్రాళ్ళ ఆవిరి ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. చవితినాడు మామ్మ, శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న చెక్క పాలవెల్లిని వరండా కప్పుకు వేలాడదీసి జామపళ్ళు, మొక్కజొన్న కంకులు, సీతాఫలాలు కట్టేది. వరండాకు తలుపుల్లేవు. వాకిట్లో తాడిచెట్టు, దాని ఎండుటాకుల కింద ముడిచిన గొడుగుల్లా గబ్బిలాలు. ఉక్కు ఫ్యాక్టరీవాళ్ళు కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం ఎర్రబడేది. ఆ వెలుగుకు అడ్డంగా అవి ఎగురుతుంటే రెక్కల్లో ఎముకలు చేతివేళ్ళలా కనిపించేవి. వాటి రెక్క మన చెయ్యేనని బడి చెప్పకముందే నా కళ్ళు చెప్పాయి.

ఆ ఏడు చవితి సాయంత్రం దీపం పెట్టగానే ఒకటి వచ్చి పాలవెల్లికి వేలాడింది. మామ్మ చేతిలో హారతి పళ్ళెం ఆగిపోయింది. గబ్బిలం దూరిన ఇంటిని కొన్నాళ్ళు ఖాళీ చేసి పాడుపెట్టాలని మావాళ్ళ నమ్మకం. అమ్మకేమో నెలలు నిండాయి.

"ఓలమ్మీ, ఈ ఇంట్లో పురుడొద్దు. రేపు రాత్రి బండికి మనూరెలిపోదుం," అంది మామ్మ.

"అమ్రూద్ ఖానే ఆయా థా, దాదీ," అన్నాను వీధి హిందీలో. జామపండు తినడానికే కదా వచ్చింది.

"ఊరుకోరా, పెద్ద మాస్టారొచ్చీసేడు," అని కసిరింది మామ్మ.

దారిలో నొప్పులొస్తే ఎలాగని నాన్న ఎంత మొత్తుకున్నా మామ్మ పెట్టె సర్దడం ఆపలేదు. శకునానికి జడిసి నిండు గర్భిణిని రైలెక్కించే మూఢత్వాన్ని తర్వాత ఎన్నో సభల్లో నిలదీశాను. కానీ ఆనాడు గెలిచింది వాదం కాదు.

మర్నాడు మునిమాపువేళ, పెట్టె గుమ్మంలో ఉండగా, అమ్మ లేచి పాలవెల్లి పళ్ళు విప్పింది.

"పళ్ళు కట్టి పిలిసినోలం మనవే కదా అత్తా. పళ్ళు బైటుంటే బైటికే వత్తాది," అంటూ వాకిట్లో బట్టల తీగకు కట్టింది.

వచ్చింది. వరండా వంక చూడను కూడా చూడకుండా నేరుగా తీగకు వేలాడింది. నాన్న రైల్వే లాంతరు ఎత్తాడు. తలకిందులుగా వేలాడుతూ, బొటనగోళ్ళతో పండును పట్టి, రసం మింగి పిప్పి ఉమ్ముతోంది. దాని పొట్టకు కరుచుకుని, కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది బొటనవేలంత పిల్ల. మామ్మ మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఇదీ బాలింతేనేటి," అంది.

చాలాసేపు చూసి, నాన్నతో, "పెట్టె లోనెట్టీరా," అంది.

ఆ వారంలోనే చెల్లి ఆ ఇంట్లోనే పుట్టింది. తీగ కింద, ఉమ్మిన పిప్పిలోంచి జామమొక్కలు మొలిచాయి.

ఇప్పుడక్కడ తాడిచెట్టు లేదు. వరండాలకు గ్రిల్లులు, రాత్రంతా తెల్లటి లైట్లు. గబ్బిలం వస్తే భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు, రావడానికి గబ్బిలమే లేదు. పూజలు చేయని నేను ఏటా చవితినాడు మాత్రం చెల్లి ఇంటి వాకిట్లో తీగకు నాలుగు జామపళ్ళు కడతాను. తెల్లారి చూస్తే కట్టినవి కట్టినట్టే ఉంటున్నాయి.

ఈ సంచిలోవి ఈ సాయంత్రానికి.