ఒకరికి ఇద్దరు

శుక్రవారం పొద్దున ఉగ్గాని, సాయంత్రం ఆట, చీకటి పడేలోపు ఓటమి. ఒమాన్ ఎడారి తీరంలోని దుక్మ్‌లో ఆ సీజనంతా మా సెలవురోజు ఇంత పద్ధతిగా సాగింది. ఈ మూడింటిలో మమ్మల్ని ఎప్పుడూ నిరాశపరచనిది ఉగ్గాని ఒక్కటే.

ఆట బేస్‌బాల్. ఒక పక్క సముద్రం, మూడు పక్కల ఏమీ లేని చోట, రిఫైనరీ పనివాళ్ళ క్యాంపులో బేస్‌బాల్ ఏమిటని అడగొచ్చు. మేమూ అడిగాం, మెల్లగా, మాలో మేము. మా ప్రాజెక్ట్ డైరెక్టర్ కొరియా ఆయన. మనకి క్రికెట్ ఎలాగో ఆయనకి అది అలాగ. క్యాంపులో జనం డ్యూటీ దిగితే ఫోన్లలో తలలు పెట్టేస్తున్నారని బాధపడి, బ్లాక్‌కి ఒక టీమ్ చొప్పున పెట్టించాడు. ఇష్టమున్నవాళ్ళే ఆడండి అన్నాడు. డైరెక్టర్ ఆ మాట అంటే ఎంతమందికి ఇష్టం పుడుతుందో ఉద్యోగాలు చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మాది ఎ బ్లాక్. సగానికి పైగా తెలుగువాళ్ళం, అందరం గల్లీ క్రికెట్‌లో పెరిగినవాళ్ళం. మా జబ్బల్లా అదే. బేస్‌బాల్‌లో బంతిని కొట్టాక బ్యాట్ అక్కడే పడేసి మొదటి బేస్‌కి పరిగెత్తాలి. మావాళ్ళు బ్యాట్‌తో సహా పరిగెత్తి, బేస్ దగ్గర నడుం వంచి బ్యాట్ ఆనించేవారు. అక్కడ లెక్కలోకి వచ్చేది కాలు. బ్యాట్ క్షేమంగా చేరేది, మనిషి అవుటయ్యేవాడు. ఒకాయన మంచి బంతి వచ్చిందని ముందడుగు వేసి, చక్కగా డిఫెన్స్ ఆడి, బంతిని కాళ్ళ దగ్గరే చంపేసి, ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని చుట్టూ చూశాడు. పరిగెత్తాలని ఆయనకి తోచలేదు. ఈలోపు అవతలివాళ్ళు ఆయన్ని అవుట్ చేసి తరువాతివాణ్ణి రమ్మన్నారు.

నన్ను మాత్రం వికెట్ కీపర్ లాంటిదేనని చెప్పి బ్యాటర్ వెనక గొంతుకూర్చోబెట్టారు. కూర్చుని చేసే పని కదా అని ఒప్పుకున్నాను.

మా ఆట చూడలేక డైరెక్టర్ ఒక సంస్కరణ తెచ్చాడు. అసలైన లీగుల్లో లాగా టీములు ఆటగాళ్ళని మార్చుకోవచ్చు, బలహీనమైన టీములు అలాగే బాగుపడతాయి అన్నాడు. బలహీనమైన అన్నప్పుడు ఆయన మర్యాదకి మావైపు చూడలేదు. దీనికి, గదులూ మంచాల లెక్క చూసే మా క్యాంప్ బాస్ ఒక తోక తగిలించాడు. ఆయనది జగిత్యాల వైపు. డైరెక్టర్‌తో ఇంగ్లీషులో అన్నది మాకు తెలుగులో వినిపించాడు.

"టీమంటే బ్లాకే గద సార్. టీమ్ మారితే బెడ్డు గూడ మారాలె. గాయన ఆడుడు అక్కడ, పండుడు ఇక్కడ అంటే నా లెక్క తప్పుతది."

ఆ ఒక్క మాటతో ఇది ఆట కాకుండా పోయింది. ఎందుకంటే మా టీమ్‌లో అందరికంటే ముందు మార్చేయదగ్గ మనిషి నా రూమ్మేట్.

ఆయన సర్వేయర్. అనంతపురం వైపు మనిషి, నాకంటే బాగా పెద్ద. అందరం సర్వేయర్ అన్న అనేవాళ్ళం. ఆయన రాకముందు నా రూమ్‌లో ఉన్నవాళ్ళలో ఒకతను అలారం పెట్టి, అది మోగుతుండగా హాయిగా నిద్రపోయేవాడు. ఇంకొకతను నిద్రలో ఫోర్‌మన్‌తో గొడవపడేవాడు. సర్వేయర్ అన్న వచ్చాక పొద్దున్నే కెటిల్ చప్పుడు, తలగడ పక్కన గ్లాసు, "లెయ్యప్పా, బస్సు పోతాది" అన్న ఒక్క మాట. దేశం కాని దేశంలో నన్ను అలారం కాకుండా మనిషి నిద్రలేపడం అదే మొదలు. ఈ సంగతి ఆయనతో ఎప్పుడూ అనలేదు. అలాంటివి మగవాళ్ళు అనుకునే మాటలు కావు.

ఇక శుక్రవారం ఉగ్గాని. బొరుగులు, అంటే మరమరాలు, మస్కట్ బస్సు డ్రైవర్ చేత అక్కడి రూవీ బజారు నుంచి తెప్పించేవాడు. నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లేవాడు. రూమ్‌లో స్టవ్ ఉండకూడదని క్యాంపులో రూలు. ఆ రూలు అమలు చేసే సేఫ్టీ ఆఫీసర్ మా దగ్గర రెండోసారి వడ్డించుకుని మరీ తినేవాడు. అతనూ, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పైపింగ్ ఇంజనీరూ, నేనూ కలిసి టీమ్ కమిటీ. పైపింగ్ ఇంజనీరే కెప్టెన్. ఉగ్గాని ఎక్కడుంటే అక్కడే కమిటీ సమావేశం కాబట్టి, సర్వేయర్ అన్నని ఎవరికి ఇచ్చేద్దామన్న చర్చ కూడా ఆయన రూమ్‌లో, ఆయన వండింది తింటూనే జరిగింది. ఆయన అందరికీ పెట్టి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేశారు.

"ఏవండీ, మనం మొహమాటపడితే లాభం లేదండీ," అన్నాడు కెప్టెన్, నోటినిండా ఉగ్గానితో. "సీజన్ మొత్తం మీద ఆయన బ్యాట్ తిప్పడం నేను చూళ్ళేదు. స్తంభానికి టోపీ పెట్టినట్టు నించుంటాడు."

"మంచి మనిషి. ఉగ్గాని మస్తుంటది," అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. అతనిది కరీంనగర్. "గని కొట్టుడు రాదు. ఏం జేస్తం?"

నా రూమ్మేట్‌ని తీసుకుపోకండి అని అడగడానికి నాకు వయసు అడ్డొచ్చింది. అందుకని బేస్‌బాల్ మాట్లాడాను.

ఈ ఆటలో ఒక సదుపాయం ఉంది. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, కొట్టడానికి వీల్లేని బంతులు నాలుగు విసిరితే బ్యాటర్ చేతులు ఊపుకుంటూ మొదటి బేస్‌కి నడిచి వెళ్ళొచ్చు. మేం దాన్ని నడక అనేవాళ్ళం. సరైన బంతులు మూడు వదిలేస్తే అవుట్. మావాళ్ళు నడకని పరువు తక్కువగా చూసేవారు. తినడానికి పిలిస్తే పార్సిల్ కట్టించుకుని వచ్చినట్టు.

"ఆయన ఎందుకు కొట్టడో ఎప్పుడైనా ఆలోచించారా?" అన్నాను. "ఆయన సర్వేయర్. జీవితమంతా ఒక కన్ను మూసుకుని లెవెల్ చూసిన మనిషి. ఇది దుక్మ్. ఈ గాలిలో ఏ పిచ్చరూ మూడు బంతులు తిన్నగా వేయలేడు. మనం గాలికి పోయే బంతుల వెనక బ్యాట్ తిప్పి అవుటవుతున్నాం. ఆయన గాలిని ఆడనిస్తున్నాడు. మన టీమ్‌లో మొదటి బేస్ ఎక్కువసార్లు చూసింది ఎవరు? ఆయనే!"

నేను చెప్పింది నిజమేమోనని నాకే అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

"నిజంగ ఆలోచించే నిలబడ్తడంటవా?" అన్నాడు సేఫ్టీ ఆఫీసర్.

"సందేహమా?" అన్నాను.

అసలు సంగతి నాకు తెలుసు. ఒకసారి అడిగాను. "కట్టె తిప్పితే భుజం పట్టుకుంటాందప్పా," అన్నాడు. ఈ వివరం కమిటీకి అనవసరం అనిపించింది.

మరుసటి వారం కెప్టెన్ వెలిగిపోతూ వచ్చాడు. సి బ్లాక్ టీమ్ అంతా ఫిలిప్పీన్స్ వాళ్ళు. వాళ్ళ కెప్టెన్ స్టోర్స్ ఇన్‌ఛార్జ్. బడిలో చదివేటప్పటి నుంచీ ఈ ఆట ఆడినవాడు, అంటే మా అందరిలో రూల్స్ తెలిసిన మనిషి.

"ఖలాస్ అండీ, పని అయిపోయింది! మీరు మొన్న చెప్పిందంతా పొల్లుపోకుండా ఆయనకి అప్పజెప్పేశానండీ. లెవెల్ చూసే కన్ను, గాలిని ఆడనివ్వడం, అన్నీ. ఆయన ఊఁ అని విన్నాడు, విన్నాడు, ఒకరికి ఇద్దర్ని ఇస్తానన్నాడు!"

"ఇద్దర్నా?"

"ఆయ్! ఒకడు ఎలా కొడతాడంటే బంతి కోసం ఒంటెల దగ్గరికి పోవాలి. రెండోవాడు పిచ్చర్. ఆ స్పీడేంటండీ బాబూ, నాకు బంతి కనపడితే ఒట్టు!"

"బంతి కనపడలేదంటే ఎక్కడ పడిందో కూడా కనపడలేదు కదా," అన్నాను. "తిన్నగా వేస్తాడా అది?"

"స్పీడుంటే తిన్నదనం అదే వస్తుందండీ."

నేను ప్రాణం పెట్టి వాదించాను. టీమ్ అంటే బలం మాత్రమే కాదన్నాను. అనుభవం అన్నాను, ఐకమత్యం అన్నాను. చివరికి గుండెల మీద చెయ్యేసుకుని ఉగ్గాని అన్నాను.

"ఇగో, గిప్పుడు దెలిసింది," అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. "రూమ్మేట్ అని కాపాడుతున్నవ్ నువ్వు. టీమ్ చూడాలె గదనే."

ఓటింగ్ పెట్టారు. ఇద్దరొకటి, నేనొకటి. ఆయనకి చెప్పే బాధ్యత మాత్రం ఏకగ్రీవంగా నాకు ఇచ్చారు.

ఆ సాయంత్రం అన్న రూమ్ బయట బట్టలు ఆరేస్తున్నాడు. దుక్మ్‌లో క్లిప్ లేకుండా ఆరేసిన చొక్కా మళ్ళీ దొరకదు, కాబట్టి ఒక్కొక్క చొక్కాకీ ఎన్నేసి క్లిప్పులో పెట్టేవాడు. క్లిప్పులు అందిస్తూ ఎలాగో చెప్పాను. టీమ్ మారుతుందని, బ్లాక్ మారుతుందని, ఇందులో నా ప్రమేయం లేదని. ఆయన కోప్పడితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. నేను పోను అంటే ఎంతదూరమైనా పోరాడదామని కూడా అనుకున్నాను. అసలు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాను.

"నాకు బదులు ఎవుర్నిస్తాండారు?" అన్నాడు.

"ఇద్దర్ని."

చేతిలో తడి లుంగీ అలాగే ఉండిపోయింది.

"ఇద్దరా?"

"ఇద్దరు."

"నా ఒగనికి?"

"అవునన్నా."

లుంగీ నాకిచ్చి, చెయ్యి తుడుచుకుని ఫోన్ తీశాడు. అవతల ఆయన భార్య. "ఏమే, ఇన్నావా? ఈడ నన్ను అడిగినారంట. వేరే టీమోల్లు. ఒగనికి ఇద్దర్నిస్తాండారంట... ఇద్దర్ని! ... యాల నగుతావ్? అడుగు కావాలంటే, మన రూములో అబ్బయ్య ఈడనే ఉండాడు." ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేను లుంగీ భుజం మీద వేసుకుని, నిజమేనమ్మా, ఇద్దరినే ఇస్తున్నారు, మామూలు విషయం కాదు అని ధ్రువీకరించాను. అంత కష్టమైన అబద్ధం కూడా కాదు. అంతా నిజమే.

మర్నాడే క్యాంప్ బాస్ వచ్చి బెడ్డు మార్చాడు. అన్న కెటిల్ తీసుకెళ్ళాడు, స్టవ్ తీసుకెళ్ళాడు. ఆయన కెటిల్, ఆయన స్టవ్.

ఆయన మంచం మీదికి ఆ స్పీడు పిచ్చర్ వచ్చాడు. చాలా మంచివాడు. గురక లేదు, గొడవ లేదు. నా నిద్ర పాడవుతుందని పొద్దున్నే చీకట్లో బట్టలేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, పిల్లిలా బయటికి పోయేవాడు. ఆ వారం నాకు రెండుసార్లు డ్యూటీ బస్సు తప్పిపోయింది. ఇంత మర్యాదస్థుడి మీద ఏమని ఫిర్యాదు చేయను?

ఆ శుక్రవారమే సి బ్లాక్‌తో ఆట. చెప్పకూడదు కానీ బాగా ఆడాం. ఒంటెల వైపు కొట్టేవాడు నిజంగానే ఒంటెల వైపు కొట్టాడు. ఆఖరి ఇన్నింగ్స్‌లో వాళ్ళు బ్యాటింగ్‌కి వచ్చేసరికి పరుగులు సమానం. మా టీమ్ చరిత్రలో అంతసేపు ఓడిపోకుండా ఉన్నది అదే. ముగ్గురు అవుటైతే వాళ్ళ వంతు అయిపోతుంది, మా పిచ్చర్ ఇద్దరిని అవుట్ చేశాడు. గాలి లేచింది. గాలితో పాటు అతని బంతులూ లేచాయి. చూస్తుండగా మూడు బేసుల మీదా ముగ్గురు నిలబడ్డారు. ఇప్పుడు ఇంకొక నడక ఇస్తే అందరూ తలా ఒక బేస్ జరుగుతారు, మూడో బేస్ వాడు ఇంటికొస్తాడు, అంటే బ్యాటర్ నిలబడే చోటికి చేరి పరుగు చేస్తాడు, ఆట అయిపోతుంది.

బ్యాట్ భుజాన పెట్టుకుని సర్వేయర్ అన్న వచ్చాడు.

"కొట్టడండీ ఆయన!" అని కెప్టెన్ మా పిచ్చర్‌కి తెలుగులో అరిచాడు. "మూడు తిన్నగా వేస్తే చాలండీ!"

మొదటిది తిన్నగా వచ్చింది. అన్న కదల్లేదు. తరువాతిది నా తల మీదుగా పోయింది.

"చాయ్ తాగినావా పొద్దున?" అన్నాడు అన్న, నావైపు తిరక్కుండానే.

"లేదు."

"బస్సు పోగొట్టుకుంటాండావంట."

"ఎవరు చెప్పారు?"

"మీ సేఫ్టీ ఆయన. పొద్దున ఉగ్గానికి వచ్చినాడులే."

టీమ్ చూడాలె అన్నవాడు, పొద్దున కమిటీ సమావేశానికి రాకుండా పని ఉందన్నవాడు, సి బ్లాక్‌లో రెండోసారి వడ్డించుకున్నాడన్నమాట. ఈ ఆలోచనలో, పక్కకి పోయిన బంతి ఒకటి జారవిడిచాను. అదృష్టం కొద్దీ అది కంచెకి కొట్టుకుని వెనక్కొచ్చింది. ఇంకొకటి తిన్నగా వచ్చింది, ఇంకొకటి రాలేదు. ఇక ఒక్క బంతి మిగిలింది. తిన్నగా వస్తే ఆయన అవుట్, రాకపోతే మేం అవుట్.

"అన్నా," అన్నాను, "నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి బ్యాట్ తిప్పు."

"యాలప్పా? గాలి ఆడుతాంది గదా. నువ్వు చెప్పిందే."

"అది నేను కమిటీకి చెప్పింది."

"నాకు మీ కెప్టెన్ చెప్పినాడు. మా కెప్టెన్ గూడా చెప్పినాడు. బాగుందప్పా ఆ మాట. నేను ఊరికే నిలబడ్తాండా అనుకుంటి ఇన్నాళ్ళూ."

బంతి వచ్చింది. దాని స్పీడు గురించి కెప్టెన్ చెప్పినదంతా నిజం. గాలిలో అది పైకి లేచి, పక్కకి జరిగి, ఎక్కడికో వెళ్ళిపోయింది. వెనక అంపైర్‌గా నిలబడిన డైరెక్టర్ నడవమని చెయ్యి చూపించాడు. అవతల సి బ్లాక్ అంతా గాల్లోకి ఎగిరింది.

అన్న మాత్రం ఎగరలేదు. చుట్టూ ఒకసారి చూసుకుని, మూల చీపురు ఆనించినట్టు బ్యాట్‌ని నా మోకాలికి ఆనించాడు.

"రేపు పొద్దున అయిదుకి పెడ్తా కెటిలు," అన్నాడు. "రా. దూరమేమీ ల్యాదు."

తరువాత మొదటి బేస్ వైపు నడిచాడు, ఒట్టి చేతులతో, ఏమాత్రం తొందరపడకుండా. మా కెప్టెన్ అటు చూడలేదు, నావైపే చూస్తున్నాడు. నేను తల వంచుకుని ఆ బ్యాట్ తీసి పక్కన పెట్టాను. అప్పటికి దానితో ఎవరికీ పని లేదు.