డ్రైవరు తాగిన ద్రాక్షరసం

ఈ బస్సు డ్రైవరు ముక్కు పక్క ఊళ్లో పులిసే ద్రాక్షను కూడా పసిగడుతుంది. సరే, పక్క ఊరు కాదు, పక్కిల్లు అనుకోండి. కాలేయం చెడింది, ఇక చుక్క ముట్టినా దక్కవని డాక్టరు హెచ్చరించిన నాటినుంచి, ఆయన రొట్టెనైనా రెండుసార్లు వాసన చూడందే నోట పెట్టడు. నిమిషం కుదురుగా కూర్చోడు. అలాంటివాడు మొన్న జలుబుతో వాసన తెలియక, మూడు రోజులుగా బల్ల మీదున్న ద్రాక్షరసం గటగటా తాగి డిపోకు వెళ్లాడు. తాగినవాళ్లను పట్టే మిషనులో ఊదగానే అది కీచుమంది.

"ఏం గురూ, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఒట్టు! పళ్లరసం తాగానంతే!"

"పుక్కిలించి, పావుగంటాగి ఊదు. మళ్లీ కూసిందా, ఉద్యోగం ఊడినట్టే."

ఆ పావుగంటలో ఆయన బస్సు చుట్టూ పందొమ్మిదిసార్లు తిరిగాడు. రెండోసారి ఊదితే మిషనులో సున్నా వచ్చింది.

సాయంత్రం భార్య అడిగింది: "మిషను కూసిందటగా?"

"ఏ మిషను? నేనివాళ అసలు డిపో గడపే తొక్కలేదు!" అన్నాడు, యూనిఫాం గుండీలు విప్పుకుంటూ.